పెద్దవాళ్ళను చర్చిలో పాటకచేరీకి తీసుకెళ్ళవచ్చా?

డిసెంబరు నెల వచ్చిందంటే పట్టణాల్లో చర్చిల ముందు బోర్డులు వెలుస్తాయి. ఫలానా సాయంత్రం ఆరున్నరకు క్వయర్ వారి పాటకచేరీ, అందరూ ఆహ్వానితులే అని. ఇంట్లో కుర్రకారు ఉత్సాహంగా తయారవుతారు. పక్కింటివారు క్రైస్తవులైతే ప్రత్యేకంగా వచ్చి మరీ పిలుస్తారు. తీరా బయలుదేరే వేళకు ఇంట్లో డెబ్బై ఏళ్ళ నాన్నగారో, అమ్మమ్మగారో కనిపిస్తారు. "చలిగాలి, మీకెందుకండీ శ్రమ? మీరు ఇంట్లో ఉండండి, మేం వెళ్ళొస్తాం" అంటారు. ఆయన కూడా సరేనంటారు. ఆయన భయాలు ఆయనకున్నాయి మరి. అంత నిశ్శబ్దంలో దగ్గు వస్తే ఎలా? మధ్యలో మూత్రానికి లేవాల్సి వస్తే? మోకాళ్ళు పట్టేస్తే? అసలు తనకు పాట వినిపిస్తుందా?

తీసుకెళ్ళవచ్చా అని అడిగేవారికి నా జవాబు ఒక్కటే. తప్పకుండా తీసుకెళ్ళండి. పైన చెప్పిన భయాల్లో ప్రతిదానికీ ఏదో ఒక ఏర్పాటు ఉంది. జ్వరంతోనో జలుబుతోనో ఉన్నప్పుడు మాత్రం వద్దు. దాని సంగతి తరువాత చెబుతాను.

ఇంగ్లీషు పాటలు మనకేం అర్థమవుతాయి, మన మతం కాదు గదా అని సందేహించేవారూ ఉంటారు. అర్థం కావలసినది కొంచెమే. మన సంగీతంలో ఎంతమంది పాడినా ఒకే వరుసలో పాడతారు. క్వయర్‌లో సాధారణంగా నాలుగు గుంపులు ఉంటాయి. ఆడవాళ్ళలో సన్నని గొంతులు ఒక గుంపు, కాస్త లావు గొంతులు మరొక గుంపు. మగవాళ్ళలో హెచ్చు స్థాయి వాళ్ళు ఒకటి, మంద్రంగా పాడేవాళ్ళు ఇంకొకటి. నలుగురూ నాలుగు వరుసలు ఒకేసారి పాడుతుంటే అన్నీ కలిసి ఒక్క నాదంగా వినిపిస్తుంది. ఏదో ఒక్క గుంపు గొంతును పట్టుకుని కాసేపు దాని వెంటే వెళ్ళండి. ఆ తరువాత ఇంకో గుంపు. భాష రాకపోయినా పొద్దుపోతుంది. ఇక తెలుగు కీర్తనలు పాడే చర్చి అయితే ఆ బెంగ కూడా లేదు. పందొమ్మిదో శతాబ్దంలో పురుషోత్తమ చౌదరిగారు రాసిన క్రైస్తవ కీర్తనలు ఈనాటికీ మన చర్చిల్లో పాడుతూనే ఉన్నారు.

ఒంటికి కలిగే మేలు

పాట వింటే ఆరోగ్యం బాగుపడుతుందని ఊరికే చెబితే నేను కూడా నమ్మను. ఇటలీలో లూచియానో బెర్నార్డి అనే వైద్యుడు, ఆయన సహచరులు ఒక చక్కని పరిశీలన చేసి 2001లో ప్రచురించారు. 23 మంది ఆరోగ్యవంతులచేత చర్చిలో జపమాలతో చెప్పే లాటిన్ ప్రార్థనను, మన వైపు మంత్రాన్ని వేర్వేరుగా చెప్పించారు. రెండింటిలోనూ శ్వాస నిమిషానికి ఆరుసార్లకు దిగింది. మామూలుగా మనం నిమిషానికి 12 నుంచి 20 సార్లు ఊపిరి తీస్తాం. శ్వాస అంత నెమ్మదించినప్పుడు రక్తపోటును అదుపులో ఉంచే నాడీ వ్యవస్థ చురుగ్గా పనిచేసిందని వాళ్ళు గమనించారు. జపమాల అయినా మంత్రమైనా ఫలితం ఒకటే! ఆ వైద్యుడే 2006లో మరో సంగతి బయటపెట్టాడు. వేగంగా సాగే సంగీతం వింటే శ్వాస, గుండె వేగం, రక్తపోటు పెరిగాయి. మధ్యలో రెండు నిమిషాలు సంగీతం ఆపేస్తే అవి పాట మొదలు కాకముందు ఉన్నదానికంటే కూడా కిందికి దిగాయి. కనుక పాటకూ పాటకూ మధ్య నిశ్శబ్దం వచ్చినప్పుడు పక్కవాళ్ళతో కబుర్లకు దిగకండి. ఆ నిశ్శబ్దం కూడా మీకు పనికివచ్చేదే.

పాడేవాళ్ళకు కలిగే మేలు ఇంకొక రకం. 2013లో స్వీడన్‌లో గోథెన్‌బర్గ్ పరిశోధకులు క్వయర్‌లో పాడే యువతీయువకుల గుండె వేగాన్ని కొలిచారు. అందరూ ఒకే పాటను కలిసి పాడుతూ ఒకేచోట ఊపిరి తీస్తున్నప్పుడు వాళ్ళ గుండెల వేగం కూడా కలిసే హెచ్చుతూ తగ్గుతూ ఉంది.

అయితే ఇదంతా ఆ కాసేపటి మాట. సాయంత్రం పాట విన్నాను గదా అని రాత్రి వేసుకోవలసిన బి.పి. మాత్ర మానేయకండి. అలా చేసేవాళ్ళున్నారు కనుకనే చెబుతున్నాను.

వినిపించడం లేదా?

అన్నిటికంటే ముఖ్యమైనది చెవి. పెద్దవాళ్ళు కచేరీలకూ, పెళ్ళిళ్ళకూ రావడం మానేస్తున్నారంటే తరచుగా కారణం వినికిడే. చెప్పుకోవడానికి నామోషీ పడి "నాకు ఆసక్తి లేదు" అంటారు. మెల్లగా నలుగురిలో కలవడం తగ్గుతుంది, మాట తగ్గుతుంది, దిగులు పెరుగుతుంది. మతిమరుపు జబ్బుకు దారితీసే వాటిలో మనం సరిదిద్దుకోగలిగినవి ఏమిటని లాన్సెట్ వైద్య పత్రిక నియమించిన నిపుణుల సంఘం 2017లో, మళ్ళీ 2020లో, 2024లో జాబితా ఇచ్చింది. మూడుసార్లూ అందులో వినికిడి లోపం ఉంది. అందుకే దీన్ని ముసలితనంలో మామూలే అని వదిలేయకూడదు.

వయసుతో వచ్చే చెవుడులో ముందుగా పోయేవి హెచ్చుస్థాయి ధ్వనులు. లావు ధ్వనులు చాలాకాలం బాగానే వినిపిస్తాయి. స, శ, త, క వంటి అక్షరాలకు స్పష్టతనిచ్చేది హెచ్చుస్థాయి ధ్వనే. అది అందకపోతే "మాట్లాడుతున్నట్లు తెలుస్తోంది గాని, ఏమన్నదీ తెలియడం లేదు" అంటారు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్లు అని మనకొక సామెత ఉంది. అది ఎవరు కట్టారో గాని, వయసుతో చెవుడు వచ్చినవాళ్ళ విషయంలో సరికాదు. శంఖం హోరు ఆ పెద్దాయనకు బాగానే వినిపిస్తుంది. వినిపించనిది మనవరాలి సన్నని గొంతు. చర్చిలో కూడా అంతే. మంద్రంగా పాడే మగవాళ్ళ గొంతులు, ఆర్గన్ ధ్వని ఆయనకు హాయిగా అందుతాయి. ఆడవాళ్ళ పాట కూడా వినిపిస్తుంది గాని, అందులోని మాటలు చెదిరిపోతాయి.

దీనికి తోడు చర్చి కట్టడం ఒకటి. ఎత్తయిన కప్పు, రాతి గోడలు, నున్నని నేల. వీటికి తగిలి ధ్వని తిరిగి తిరిగి వస్తూ కొన్ని క్షణాలపాటు గాలిలోనే నిలబడుతుంది. 1924 క్రిస్మస్ నాడు ప్రతిష్ఠ జరిగిన మెదక్ చర్చి వంటి పెద్ద కట్టడంలోకి అడుగుపెట్టి ఒకసారి తల ఎత్తి చూస్తే, ధ్వనికి ఎంత చోటు ఉందో తెలుస్తుంది. క్వయర్ పాటకు ఈ గుణం అందాన్నిస్తుంది. ఒక స్వరం ఆరిపోకముందే ఇంకొకటి వచ్చి దానిపై వాలుతుంది. కాని వినికిడి తగ్గిన చెవికి అదే చిక్కు. ముందు మాట పోకముందే తరువాతి మాట వచ్చి దానిలో కలిసిపోతుంది.

ఏం చేయాలి? కాస్త ముందుగా వెళ్ళి ముందు వరుసల్లో కూర్చోండి. గాయకుల గొంతులు గోడలకు తగలకుండా నేరుగా చెవికి చేరేది అక్కడే. స్తంభం వెనుక, వెనుక బాల్కనీ కింద కూర్చోవద్దు. ఒక చెవి నయంగా ఉంటే అది గాయకుల వైపు ఉండేలా చోటు చూసుకోండి. పాటల మాటలు అచ్చువేసిన కాగితం ఇస్తే పగలే తెచ్చుకుని ఇంట్లో ఒకసారి చదివి వినిపించండి. రాబోయే మాట ముందే తెలిసి ఉంటే సగం వినిపించినా మెదడు మిగతా సగం పూరించుకుంటుంది. చదువుకునే కళ్ళజోడు మరిచిపోవద్దు.

వినికిడి యంత్రం వాడేవాళ్ళకు ఒక సంగతి. ఈ యంత్రాలను ముఖ్యంగా మనుషుల మాటకోసం అమరుస్తారు. ఆర్గన్ స్వరాన్ని సాగదీసి పట్టినప్పుడు కొన్ని యంత్రాలు దాన్ని తమలోంచి వచ్చే కీచుధ్వనిగా పొరబడి అణచివేయబోతాయి. అప్పుడు పాట వణికినట్లు వినిపిస్తుంది. "పాటలకు వేరే ప్రోగ్రాం పెట్టండి" అని యంత్రం అమర్చినవారిని అడగండి. చాలా యంత్రాల్లో ఆ సదుపాయం ఉంటుంది. బ్యాటరీ సంగతి బయలుదేరేముందే చూసుకోండి. చెవిలో సరిగా బిగియని యంత్రం కూతపెడుతుంది. పెట్టుకున్నవారికి ఆ కూత అందకపోవచ్చు గాని, చుట్టూ నాలుగు వరుసలవాళ్ళకు బాగా వినిపిస్తుంది.

అసలు లోపం చెవిలో పేరుకున్న గులిమి వల్లనే కావచ్చు. డాక్టరు దాన్ని కాసేపట్లో తీసివేస్తారు. తలపిన్నులు, అగ్గిపుల్లలు పెట్టి కెలకడం, కాచిన నూనె పోయడం ఇకనైనా మానాలి.

మైకులు లేకుండా పాడే క్వయర్ వల్ల వినేవాళ్ళ చెవికి హాని జరగదు. పెద్ద పెద్ద స్పీకరు పెట్టెలు పెట్టారంటే మాత్రం వాటికి దూరంగా కూర్చోండి. ఇంటికి వచ్చాక చెవిలో హోరు పెడుతుంటే ఆ మోత మీ చెవికి ఎక్కువైందన్నమాట.

ఆ పాడు దగ్గు

దగ్గును ఆపుకుందామని ప్రయత్నించేకొద్దీ అది ముంచుకొస్తుంది. గొంతు మీద ధ్యాస పెట్టడమే అందుకు కొంత కారణం. గోరువెచ్చని నీళ్ళు చిన్న సీసాలో తీసుకెళ్ళి గుక్క గుక్కగా తాగండి. లవంగం గాని, పటికబెల్లం ముక్క గాని బుగ్గన పెట్టుకోండి. షుగరు వ్యాధి ఉన్నవాళ్ళు లవంగంతో సరిపెట్టుకోవాలి. పెప్పర్మెంటు బిళ్ళలైతే కాగితం ఇంటి దగ్గరే విప్పి తీసుకెళ్ళండి. నిశ్శబ్దంలో ఆ కాగితం చప్పుడు దగ్గుకంటే ఎక్కువ వినిపిస్తుంది! ఎంతకీ ఆగకపోతే చేతిరుమాలు మడతపెట్టి నోటికి గట్టిగా అడ్డం పెట్టుకుని దగ్గండి. చప్పుడు బాగా తగ్గుతుంది. ఉబ్బసం ఉన్నవాళ్ళకు కొవ్వొత్తుల పొగ, కొన్ని చర్చిల్లో వేసే సాంబ్రాణి ధూపం పడకపోవచ్చు. పీల్చే మందు జేబులో ఉండాలి, ఇంట్లో బీరువాలో కాదు.

ఆ సాయంత్రం గడిచిపోతుంది. ఆ దగ్గు మాటేమిటి? రెండు వారాలు దాటిన దగ్గు ఏదైనా సరే కళ్ళె పరీక్ష చేయించుకోవాలి. క్షయ ఉంటే అందులో బయటపడుతుంది. పరీక్షా, మందులూ ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితం. పొడిదగ్గు నెలల తరబడి వేధిస్తూ, కళ్ళె పడకుండా ఉంటే, వాడుతున్న బి.పి. మాత్రల పేర్లు ఒకసారి చూడండి. ఎనలాప్రిల్, రామిప్రిల్ జాతి మందుల వల్ల కొందరికి పొడిదగ్గు వస్తుంది. పాపం ఏళ్ళ తరబడి దగ్గుమందు సీసాలు తాగుతూ ఉంటారు. మాత్రను మీ అంతట మీరు ఆపకండి. డాక్టరుగారికి చెబితే వేరే జాతి మందు రాస్తారు.

లేచి నిలబడేటప్పుడు

క్రిస్మస్ కచేరీల్లో 'హల్లెలూయా' కోరస్ వినిపించడం పరిపాటి. హాండెల్ అనే జర్మన్ సంగీతకారుడు లండన్‌లో స్థిరపడి, 1741లో 24 రోజుల్లో రాసిన 'మెస్సయ్య' అనే పెద్ద కృతిలో అదొక భాగం. ఆ కృతిని మొదటిసారి 1742 ఏప్రిల్‌లో డబ్లిన్ నగరంలో వినిపించారు. అప్పుల జైల్లో ఉన్నవాళ్ళకూ, రెండు ఆసుపత్రులకూ సహాయంగా పెట్టిన కచేరీ అది. జనం కిక్కిరుస్తారని ఆడవాళ్ళను బుట్టలాంటి పావడా చట్రాలు లేకుండా, మగవాళ్ళను కత్తులు లేకుండా రమ్మని ముందే పత్రికల్లో ప్రకటించారట. 1750 నుంచి లండన్‌లో ఒక అనాథ పిల్లల ఆశ్రమానికి నిధులకోసం ఆ ఆశ్రమం చర్చిలోనే ఏటా పాడించేవారు.

హల్లెలూయా వచ్చినప్పుడు అందరూ లేచి నిలబడడం ఆచారం. ఒక రాజుగారు లేచి నిలబడ్డారనీ, అప్పటినుంచి ఇది వచ్చిందనీ చెబుతారు గాని, దానికి గట్టి ఆధారం లేదు. ఆధారం లేకపోయినా గంటకు పైగా కూర్చున్న కాళ్ళకు అది మంచిదే. పిక్కల్లో నిలిచిన రక్తం కదులుతుంది.

అయితే పెద్దవాళ్ళకు ఇక్కడే ప్రమాదం. చాలాసేపు కూర్చుని ఒక్కసారిగా లేస్తే రక్తం కాళ్ళలోకి దిగి, మెదడుకు చాలక కళ్ళు తిరుగుతాయి. బి.పి. మాత్రలు, మూత్రం ఎక్కువ పోవడానికి ఇచ్చే మాత్రలు, ప్రోస్టేట్ గ్రంథికి వాడే టామ్సులోసిన్, ప్రాజోసిన్ వంటివి వాడేవారికి ఇది ఎక్కువ. పాట రాబోతోందని తెలియగానే కూర్చున్నచోటే మడమలు పైకీ కిందికీ పదిహేనుసార్లు ఆడించండి. తరువాత ముందు బెంచీ అంచు పట్టుకుని మెల్లగా లేవండి. తల తేలిపోతున్నట్లుంటే వెంటనే కూర్చోండి. కూర్చునే విన్నా ఎవరూ తప్పు పట్టరు.

ఎవరైనా పడిపోతే మనవాళ్ళు చుట్టూ మూగి, లేపి కూర్చోబెట్టి, నోట్లో సోడా పోస్తారు. అది పొరపాటు. వెల్లకిలా పడుకోబెట్టి కాళ్ళు ఒక అడుగు ఎత్తులో పెట్టాలి. నోట్లో ఏమీ పోయకూడదు. మామూలుగా నిమిషంలోపే తెలివి వస్తుంది. రాకపోయినా, గుండెలో బరువు, ఎడమ చేయి లాగడం, చెమటలు ఉన్నా 108కి ఫోను చెయ్యాలి. పాట అయ్యేదాకా ఆగుదాం, గ్యాసేలే అనుకుంటూ కూర్చోకూడదు.

మూత్రం, భోజనం

ఇవి రెండే ముక్కల్లో తేలిపోతాయి. వెళ్ళగానే మరుగుదొడ్డి ఎక్కడుందో కనుక్కోండి, నడవ పక్క సీటు తీసుకోండి. కాఫీ, టీలు మధ్యాహ్నంతో ఆపండి. నీరు పోవడానికి వేసే మాత్రను సాయంత్రం వేసుకునే అలవాటు ఉంటే ఉదయానికి మార్చవచ్చునేమో డాక్టరును అడగండి. చక్కెర వ్యాధికి ఇన్సులిన్ గాని, గ్లిమెపిరైడ్ వంటి మాత్రలు గాని వాడేవారు భోజనం తొమ్మిదిన్నరకు జరుపుకోకూడదు. వెళ్ళేముందే ఇడ్లీయో చపాతీయో తిని వెళ్ళాలి. చెమటలు, వణుకు, తికమక కనిపిస్తే మూడు చెంచాల పంచదార నీళ్ళలో కలిపి తాగించండి. ఆ సమయానికి పటికబెల్లం కూడా పనికివస్తుంది. లవంగంతో సరిపెట్టుకోమన్న మాట ఇక్కడ వర్తించదు.

ఎప్పుడు వెళ్ళకూడదు?

అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రం, స్కాజిట్ కౌంటీలో 2020 మార్చి 10న ఒక క్వయర్ వాళ్ళు రెండున్నర గంటలు పాటలు సాధన చేశారు. వచ్చినవాళ్ళు 61 మంది. వారిలో ఒకరికి జలుబు లక్షణాలున్నాయి. తరువాత చూస్తే మొత్తం 53 మందికి కోవిడ్ సోకింది లేదా సోకినట్లే తేలింది. ఇద్దరు చనిపోయారు. గొంతెత్తి పాడేటప్పుడు నోటినుంచి సన్నని తుంపరలు ఎక్కువగా వెలువడతాయి, తలుపులు మూసిన గదిలో అవి గాలిలో చాలాసేపు తేలుతూ ఉంటాయి. కోవిడ్ ఒక్కటే కాదు, ఫ్లూ కూడా ఇలాగే పాకుతుంది. మీకు జ్వరం, గొంతునొప్పి, కొత్తగా వచ్చిన దగ్గు ఉంటే ఆ సాయంత్రం ఇంట్లోనే ఉండండి. ఎంత ఇష్టమైన కచేరీ అయినా సరే. ఇంట్లో కుర్రవాళ్ళకు జలుబు చేసి ఉంటే, పెద్దాయనను ఆపి తాము వెళ్ళడం కాదు, తాము ఆగి ఆయనను ఇంకెవరితోనైనా పంపాలి. 65 దాటినవారు ఫ్లూ టీకా సంగతి డాక్టరుతో మాట్లాడుకోవడం మంచిది.

చర్చి పెద్దలు చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. చలి అని కిటికీలన్నీ మూయకుండా రెండు వైపులా కొన్నయినా తెరిచి ఉంచండి. పెద్దవాళ్ళు శాలువా కప్పుకుంటారు. పాటల మాటలు కాస్త పెద్ద అక్షరాలతో అచ్చువేయించండి. ముందు రెండు వరుసలూ సాధారణంగా ముఖ్య అతిథులకు ఉంచుతారు. వారిలో సగంమంది ఎలాగూ ఆలస్యంగా వస్తారు. ఆ సీట్లు వినికిడి తగ్గినవాళ్ళకు ఇవ్వండి. చేతులున్న కుర్చీలు నాలుగైదు పక్కన వేయండి, చేతులు ఆనించి లేవడానికి మోకాళ్ళనొప్పులవాళ్ళకు వీలుగా ఉంటుంది. మరుగుదొడ్డికి వెళ్ళే దారిలో దీపం వెలిగించి ఉంచండి. మెట్లుంటే అక్కడ ఒక కుర్రవాణ్ణి నిలబెట్టండి.